ఎలుకను పట్టే పిల్లి, ఇంటికొచ్చే ప్లేగు

2024 ఫిబ్రవరిలో అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రం డెషూట్స్ కౌంటీలో ఒకరికి ప్లేగు సోకింది. ఆ రాష్ట్రంలో 2015 తర్వాత మనిషికి ప్లేగు రావడం అదే మొదటిసారి. ఇంట్లో పెంచుకుంటున్న పిల్లి నుంచే వచ్చి ఉంటుందని స్థానిక ఆరోగ్య అధికారులు చెప్పారు. అప్పటికే ఆ పిల్లి కూడా జబ్బుపడి ఉంది. మనిషితోనూ పిల్లితోనూ దగ్గరగా మెలిగినవారందరినీ వెతికి ముందుజాగ్రత్తగా మందులిచ్చారు.

ఆ వార్త విన్నవారిలో ఎక్కువమంది అడిగిన ప్రశ్న, ప్లేగు ఇంకా ఉందా అని. ఉంది. అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో అది నూరేళ్లకు పైగా స్థిరపడి ఉంది. అక్కడ పిల్లిని పెంచేవారు అడగవలసిన ప్రశ్న వేరు. ఇంట్లో పిల్లి ఉంటే ఎలుకల బెడద ఉండదని మనకు తరతరాల నమ్మకం. ఎలుక జాతి జంతువుల్లో ప్లేగు ఉన్న నేలలో అదే పిల్లి ఆ జబ్బును నోట కరుచుకుని ఇంటికి తెస్తుంది. ముందుగా చచ్చేది కూడా చాలాసార్లు అదే. నెలనెలా ఫ్లీ (జంతువుల ఒంటి మీద రక్తం తాగే చిన్న పురుగు) మందు వేస్తున్నాం కదా అన్న ధీమా దాన్ని సగమే కాపాడుతుంది. మిగతా సగం, నిజానికి పెద్ద సగం, దాన్ని వేటకు పోనివ్వకపోవడం.

ప్లేగు అమెరికా సొంత జబ్బు కాదు. 1900లో ఓడల మీద వచ్చి శాన్‌ఫ్రాన్సిస్కోలో బయటపడింది. కొన్నేళ్లు ఊరి ఎలుకల్లోనే తిరిగింది. 1908 నాటికి కాలిఫోర్నియా నేల ఉడుతల్లో కనిపించింది. ఆ తర్వాత దాన్ని పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు. 1924లో లాస్ ఏంజెలెస్‌లో వచ్చిన వ్యాప్తి ఆ దేశంలో పట్టణ ఎలుకల వల్ల వచ్చిన చివరి పెద్ద ప్లేగు. ఊళ్లలో అణిగిపోయింది గానీ అడవిలో తూర్పుగా పాకుతూ పోయింది. రాతి ఉడుతలు, అడవి ఎలుకలు, బొరియల్లో గుంపులుగా బతికే ఉడుత జాతి ప్రెయిరీ డాగ్‌లు దానికి నెలవయ్యాయి. ఇప్పుడు న్యూ మెక్సికో, కొలరాడో, అరిజోనా, కాలిఫోర్నియా, ఒరెగాన్ వంటి రాష్ట్రాల్లో అది అడవి జబ్బుగా స్థిరపడింది. దేశమంతా కలిపి ఏటా సగటున ఏడుగురికి సోకుతుంది. ఆ అంకె చిన్నదే. కానీ 2025 జులైలో అరిజోనాలోని కొకొనినో కౌంటీలో ఒకరు ఊపిరితిత్తుల ప్లేగుతో చనిపోయారు. చికిత్స ఉన్న కాలంలో కూడా ఆలస్యాన్ని ఈ జబ్బు క్షమించదు.

ఎలుక నుంచి ఎలుకకు, అక్కడి నుంచి ఇతర జంతువులకు దీన్ని మోసేది ఫ్లీ. రెక్కలుండవు, దూకుతుంది, రక్తం తాగి బతుకుతుంది. ఈ సంగతి తేల్చింది ఫ్రెంచి వైద్యుడు పాల్ లూయీ సిమండ్, 1898 జూన్‌లో, అప్పటి బ్రిటిష్ ఇండియాలోని కరాచీలో. ప్లేగు రోగి ఇంట్లో పట్టిన జబ్బు ఎలుకను గాజు పాత్రలో ఉంచి, అది చనిపోయే ముందు ఆరోగ్యంగా ఉన్న మరో ఎలుకను చిన్న వలబుట్టలో పెట్టి పైనుంచి వేలాడదీశాడు. రెండూ ఒకదాన్నొకటి తాకే వీలు లేదు. రెండో ఎలుక కూడా ప్లేగుతో చనిపోయింది. మధ్యలో దూకగలిగినవి ఫ్లీలే. ఆ ప్రయోగానికి ఫ్లీలు చాలవేమోనన్న అనుమానంతో, తాను దిగిన హోటల్లో తిరుగుతున్న ఒక పిల్లి ఒంటి మీది నుంచి మరికొన్నిటిని తీసి ఆ పాత్రలో వేశాడు కూడా. ప్లేగు రహస్యం బయటపడిన రోజునే పిల్లికీ ఈ కథలో చోటు దొరికింది.

ఫ్లీలన్నీ ఒకటి కావు. ఇక్కడే పిల్లిని పెంచేవారు ఎక్కువగా పొరబడతారు. పిల్లుల మీదా కుక్కల మీదా సాధారణంగా కనిపించే పిల్లి ఫ్లీ ప్లేగును మోయడంలో చాలా బలహీనం. ప్రమాదమంతా ఎలుకల, ఉడుతల ఒంటి మీద ఉండే జాతులది. తూర్పు దేశాల ఎలుక ఫ్లీ కడుపులో ప్లేగు బాక్టీరియా జిగురుగా పేరుకుని, ఆహారం దిగే సన్నని దారిని మూసేస్తుంది. రక్తం లోపలికి దిగదు, ఆకలి తీరదు. మళ్లీ మళ్లీ కుడుతుంది, కుట్టిన ప్రతిసారీ మింగలేని రక్తాన్ని బాక్టీరియాతో సహా గాయంలోకే కక్కుతుంది. పశ్చిమ అమెరికా నేల ఉడుతల ఫ్లీలో దారి అంత తరచుగా మూసుకుపోదు. అయినా జబ్బు రక్తం తాగిన తొలి రోజుల్లోనే అది ప్లేగును అంటించగలదు. ఈ ఫ్లీలకు పిల్లి అంటే ఇష్టమేమీ లేదు. ఉన్న ఆశ్రయం పోయినప్పుడు దొరికిన ఒంటికి ఎక్కుతాయి.

ఆ ఆశ్రయం పోయేది ఎలుకో ఉడుతో చచ్చినప్పుడు. ప్రెయిరీ డాగ్‌ల కాలనీలోకి ప్లేగు దిగితే నూటికి తొంభైకి పైగా చనిపోవచ్చు. నిన్నటిదాకా కూతలతో సందడిగా ఉన్న మైదానం కొద్ది వారాల్లో ఖాళీ అవుతుంది. ఒళ్లు చల్లబడగానే ఫ్లీలు దాన్ని వదిలి బొరియ వాకిట చేరి, వెచ్చని ప్రాణి ఏది వస్తుందా అని కాచుకుంటాయి. వాసన పట్టి ఆ బొరియలో మూతి పెట్టే పిల్లి వాటికి ఎదురొచ్చిన ఆశ్రయం. న్యూ మెక్సికోలో చలికాలం, వసంతం వానలతో గడిచిన ఏడాది తర్వాత మనుషుల్లో ప్లేగు కేసులు పెరగడం పరిశోధకులు గమనించారు. వాన పడితే గింజ పండుతుంది, గింజ పండితే ఎలుకలు పెరుగుతాయి, వాటితోపాటు ఫ్లీలూ పెరుగుతాయి. మంచి వానలు పడ్డ ఏడాదిలో పిల్లిని మరింత కనిపెట్టి ఉండాలన్నది అందులోంచి తేలిగ్గా తీసుకోగల పాఠం.

ఫ్లీ కాటు పిల్లికి జబ్బు చేరే దారుల్లో ఒకటి మాత్రమే. రెండోది, ఎక్కువ ఉపద్రవమైనది, తినడం. జబ్బు ఎలుకను నమిలినప్పుడు బాక్టీరియా నోటి పొరల గుండా లోపలికి పోతుంది. ప్రయోగశాలలో ప్లేగు సోకిన ఎలుకను 16 పిల్లుల చేత తినిపిస్తే వాటిలో ఆరు చనిపోయాయి. మిగిలినవాటిలో చాలావరకు జ్వరంతో గ్రంథులు వాచి కోలుకున్నాయి. కుక్కలకు ఇదే బాక్టీరియా సోకినా తరచుగా స్వల్ప జ్వరంతో పోతుంది. పిల్లి అలా తట్టుకోలేదు. ఒకే ఇంట్లో కుక్క, పిల్లి కలిసి వేటాడి వచ్చినా పడకేసేది పిల్లే.

నోటి ద్వారా వచ్చిందన్న జాడ గొంతు దగ్గర కనిపిస్తుంది. బాక్టీరియాను ముందుగా ఎదుర్కొనేవి దవడ కింది లింఫ్ గ్రంథులు కాబట్టి వాపు అక్కడే మొదలవుతుంది. ఎలుకను తిన్న ఒకటి నుంచి నాలుగు రోజుల్లో జ్వరం, తిండి మానేయడం, మూలన ముడుచుకుని పడుకోవడం, దవడ కింద ఒకవైపో రెండువైపులో ముట్టుకుంటే నొప్పి పెట్టే బిళ్ల. అది మెత్తబడి, పగిలి, చీము కారుతుంది. పిల్లులను చూసే పశువైద్యుడికి చీముగడ్డ కొత్త కాదు. వీధిలో మరో పిల్లితో కలబడితే కోర దిగిన చోట గడ్డ లేస్తుంది, రోజూ చూసే కేసు. కోయడం, చీము పిండడం, కడగడం అలవాటైన పని. ప్లేగు ఉన్న ప్రాంతంలో ఆ అలవాటే ప్రాణం మీదికి తెస్తుంది. కొట్లాట గడ్డ బుగ్గ మీద, ముందు కాలి మీద, తోక మొదట్లో లేస్తుంది. పంటి గాటు వెతికితే దొరుకుతుంది. ప్లేగు గడ్డ దవడ కింద, గ్రంథి ఉన్న చోట లేస్తుంది, పైన గాటు ఉండదు. ఈ తేడా గుర్తుపెట్టుకున్న వైద్యుడు కత్తి పట్టే ముందు చేతి తొడుగులు, మాస్కు, కళ్లద్దాలు పెట్టుకుంటాడు. చీము నమూనాను పరీక్షకు పంపుతాడు, ఫలితం కోసం ఆగకుండా యాంటీబయాటిక్ మొదలుపెడతాడు.

ఇది అతి జాగ్రత్త అనిపిస్తే లెక్క చూడండి. 1977 నుంచి 1998 వరకు ఎనిమిది పశ్చిమ రాష్ట్రాల్లో 23 మందికి పిల్లుల వల్ల ప్లేగు సోకింది. వారిలో ఐదుగురు చనిపోయారు. 17 మందికి పిల్లి కాటు, గీరు, చీము తగలడం వంటి వాటి వల్ల గ్రంథుల ప్లేగు వచ్చింది. ఐదుగురికి నేరుగా ఊపిరితిత్తుల్లోనే వచ్చింది, అంటే న్యుమోనియా వచ్చిన పిల్లి దగ్గు తుంపరలు పీల్చి. సోకినవారిలో పశువైద్యులు, వారి సిబ్బంది ఉన్నారు. చనిపోయినవారి విషయంలో జబ్బును తప్పుగా గుర్తించడమో, వైద్యం అందడంలో ఆలస్యమో జరిగింది. పిల్లి ఎలుకలు పట్టే సంగతి మొదటిరోజే డాక్టరుకు తెలిసి ఉంటే ఆ లెక్క ఇంకోలా ఉండేదని నమ్మడానికి గట్టి కారణం ఉంది.

వేట మాన్పించడం అనగానే వచ్చే అభ్యంతరం తెలిసిందే. పిల్లికి వేట పుట్టుకతో వచ్చింది, నాలుగు గోడల మధ్య బంధిస్తే అది బతుకేనా అంటారు. ఆ ప్రేమను తప్పుపట్టలేం. కానీ పిల్లికి కావలసింది కాపు కాయడం, దూకడం, ఎత్తు నుంచి చూడటం. చచ్చిన ఉడుత అవసరం లేదు. కిటికీకి ఆనించి ఇనుప వలతో కట్టిన చిన్న గూడు, ఎక్కడానికి ఎత్తయిన అరలు, ఇంటివాళ్లు రోజూ కాసేపు దారానికి కట్టి ఆడించే ఈక, తిండిని ఒకేచోట పెట్టకుండా ఇంట్లో అక్కడక్కడా దాచి వెతికించడం, వీటితో చాలా పిల్లులు తృప్తిగా బతుకుతాయి. వల గూటి కింది అంచు నేలకు ఆనకుండా, ఎలుక దూరే సందు లేకుండా చూడాలి, లేకపోతే వేట గూటిలోకే నడిచివస్తుంది. బయటికి తీసుకెళ్లాలంటే నడుము పట్టీ, తాడు. ఎప్పటినుంచో ఆరుబయట తిరిగిన పిల్లి ఒక్కరోజులో మారదు. చలికాలంలో, అది తనంతట తానే ఇంట్లో ఎక్కువసేపు ఉండే రోజుల్లో మొదలుపెడితే గోల తక్కువ.

పొలాల్లో, గుర్రపుశాలల్లో ఎలుకల కోసమే పిల్లులను వదిలేవారు న్యూ మెక్సికో, కొలరాడో గ్రామాల్లో చాలామంది ఉన్నారు. వారి ఇబ్బంది నిజమైనది. అయినా ప్లేగు తిరిగే నేలలో ఆ పని బోనులకు, మూతబిగిసే గింజ డబ్బాలకు అప్పగించడమే న్యాయం. పిల్లి ఎన్ని ఎలుకలను పట్టినా గింజ ఒలికిన చోటికి మరికొన్ని వస్తూనే ఉంటాయి. వాటిని రప్పించేవి ఇంటి గోడకు ఆనించి పేర్చిన కట్టెలు, రాళ్ల కుప్పలు, పనికిరాని సామాను, పక్షులకు చల్లే గింజలు, రాత్రంతా బయట వదిలేసిన పెంపుడు జంతువుల తిండి. ఇవి తీసేస్తే పిల్లి లేకపోయినా ఎలుకలు తగ్గుతాయి.

ఎలుకల మందు సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఉడుతలు ఎక్కువయ్యాయని విషం పెడితే ప్లేగు ప్రాంతంలో రెండు నష్టాలు. చచ్చిన ప్రతి ఉడుత మీది ఫ్లీలూ ఇంటి చుట్టూ కొత్త ఆశ్రయం వెతుక్కుంటాయి. విషం తిని తూలుతున్న ఎలుక పిల్లికి సులువుగా చిక్కుతుంది, దాని ఒంట్లోని విషం పిల్లిలోకి వస్తుంది. అందుకే ప్లేగు అదుపులో ముందు ఫ్లీలను చంపి, ఆ తర్వాతే ఎలుకల జోలికి వెళ్లాలన్నది పాత నియమం. అంతరించే దశలో ఉన్న, ముంగిసలాంటి నల్లకాళ్ల ఫెరెట్‌లను, వాటికి తిండి అయిన ప్రెయిరీ డాగ్‌లను కాపాడటానికి బొరియల్లో డెల్టామెత్రిన్ అనే పురుగుమందు పొడి చల్లేది కూడా ఆ లెక్కనే. ఇంటి పెరట్లో చచ్చిన ఉడుత కనిపిస్తే ఉత్త చేతులతో ముట్టుకోకుండా స్థానిక ఆరోగ్య శాఖకు ఫోను చేయాలి. 2020 జులైలో కొలరాడోలోని మారిసన్ పట్టణంలో ఒక ఉడుతలో ప్లేగు బయటపడినప్పుడు అక్కడి ఆరోగ్య శాఖ పిల్లుల గురించి విడిగా హెచ్చరించింది.

ఇక ఫ్లీ మందు. తప్పకుండా వాడాలి, ఏడాది పొడుగునా వాడాలి. మెడ వెనక చర్మం మీద చుక్కలుగా వేసే ఫిప్రోనిల్, సెలామెక్టిన్, ఫ్లురలానర్ వంటివి పశువైద్యుల సలహాతో దొరుకుతాయి. అయితే వీటి పనితనాన్ని ప్రధానంగా పరీక్షించేది పిల్లి ఫ్లీ మీద. పైగా చాలా మందులు ఫ్లీని ఎక్కీ ఎక్కగానే చంపవు, కొన్ని గంటలు పడుతుంది. కొన్నిటికైతే ముందు అది కుట్టాలి. ఉడుత మీది నుంచి దూకిన ఫ్లీ చచ్చేలోగా ఒక్కసారి కుట్టే వీలు మిగిలే ఉంటుంది. ఎలుకను తిన్న పిల్లికైతే ఏ చుక్కమందూ అడ్డుపడదు. మందు వల్ల గట్టిగా తగ్గేది పిల్లి ఒంటి మీద ఎక్కి, ఇంటి పడక దాకా సవారీ చేసే ఫ్లీల ముప్పు. అది చిన్న లాభం కాదు.

ఈ విషయంలో ఒక హెచ్చరికను ఎన్నిసార్లు చెప్పినా ఎక్కువ కాదు. కుక్కల కోసం అమ్మే కొన్ని ఫ్లీ మందుల్లో పెర్మెత్రిన్ అనే పురుగుమందు ఉంటుంది. దాన్ని విరిచే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. ధర కలిసొస్తుందని, బరువు చూసి వేస్తే చాలని కుక్క మందులో కొంచెం పిల్లికి వేస్తే గంటల్లో వణుకు, తర్వాత మూర్ఛలు, కొన్నిసార్లు చావు. అదే ఇంట్లో కుక్కకు ఆ మందు వేసి, ఆరకముందే పిల్లి దాని పక్కన పడుకున్నా ప్రమాదమే. డబ్బా మీద పిల్లి బొమ్మ ఉందా, పిల్లి బరువు రాసి ఉందా అని చూసి మరీ కొనాలి. సహజమైనవని అమ్మే సుగంధ తైలాలు కూడా పిల్లికి విషం కాగలవు.

ఫ్లీలు ఉన్నాయో లేవో కంటితో చూసి చెప్పడం కష్టం. పిల్లి నాకి నాకి వాటిని మింగేస్తుంది. సన్నపళ్ల దువ్వెనతో తోక మొదట్లో, మెడ కింద దువ్వి, వచ్చిన నల్లని నలుసులను తడిపిన తెల్ల కాగితం మీద దులపాలి. మట్టి అయితే అలాగే ఉంటుంది. ఫ్లీ రెట్ట అయితే చుట్టూ ఎర్రగా ఇంకుతుంది, ఎందుకంటే అది జీర్ణమైన రక్తం. పిల్లి ఫ్లీ సంతతిలో పెద్దవి కొద్ది భాగమే, మిగతావి గుడ్లు, పురుగులు, గూళ్ల రూపంలో తివాచీల్లో, పరుపుల మడతల్లో ఉంటాయి. గూటిలోని పురుగు నెలల తరబడి కదలకుండా ఉండగలదు. అందుకే వాక్యూమ్‌తో ఊడ్చడం, పిల్లి పడక గుడ్డలను వేడినీళ్లలో ఉతకడం మందుతో పాటు సాగాలి.

ప్లేగు లేని చోట కూడా ఈ జాగ్రత్తలకు పని ఉంది. టెక్సస్‌లో, దక్షిణ కాలిఫోర్నియాలో మ్యూరిన్ టైఫస్ అనే జ్వరం ఉంది. ఎలుక ఫ్లీ మోసే ఈ జబ్బును అక్కడి శివారు ప్రాంతాల్లో తిరిగే, పిల్లి అంత ఉండే అడవి జంతువులైన ఒపోసమ్‌ల మీద, పిల్లుల మీద తిరిగే పిల్లి ఫ్లీ కూడా మోస్తోంది. కాటు చోట గోకినప్పుడు ఫ్లీ రెట్ట గాయంలోకి పోయి మనిషికి సోకుతుంది. పిల్లికి జబ్బు లక్షణాలేవీ కనిపించకపోవచ్చు. హ్యూస్టన్, డల్లాస్, లాస్ ఏంజెలెస్ చుట్టుపక్కల ఉండే తెలుగు కుటుంబాల్లో పిల్లులను పెంచేవారికి ప్లేగు కన్నా దగ్గరి సమస్య ఇదే. డెన్వర్, ఆల్బుకర్కీ శివార్లలో కొండవాలుకు ఆనుకున్న ఇళ్లలో ఉండేవారికి మాత్రం ప్లేగు ఇంటి పక్కనే ఉన్నట్టు.

భారతదేశంలోనూ అడవి ప్లేగు జాడలు పూర్తిగా చెరిగిపోలేదు. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, తమిళనాడు కలిసే సరిహద్దు ప్రాంతం ఒకప్పటి సహజ స్థావరాల్లో ఒకటి. బెంగళూరులోని ప్లేగు నిఘా కేంద్రం అక్కడి ఎలుకలను పట్టి పరీక్షించడం అందుకే. 2002లో హిమాచల్ ప్రదేశ్ సిమ్లా జిల్లాలో 16 మందికి ప్లేగు సోకి నలుగురు చనిపోయారు. మొదట జబ్బుపడినది అడవిలో ఒక అడవిపిల్లిని చంపి చర్మం ఒలిచిన వేటగాడు. పిల్లి జాతికీ ఈ జబ్బుకూ ఉన్న సంబంధం అమెరికాకే పరిమితం కాదని అది చూపించింది. అలాగని మన ఊళ్లలో ప్రతి జ్వరం పిల్లినీ అనుమానించనవసరం లేదు. అక్కడి జాగ్రత్తలన్నిటినీ ఇక్కడికి మోసుకురావడం అనవసరపు భయం.

ప్లేగు ప్రాంతంలో బయట తిరిగే పిల్లికి జ్వరం, దవడ కింద బిళ్ల కనిపిస్తే చేయవలసింది తడుముకోకుండా చేయాలి. ముందు ఫోను. ఆసుపత్రికి వెళ్లి అందరి మధ్య కూర్చునేకన్నా ముందే, ఇది వేటాడే పిల్లి, ఈ మధ్య చుట్టుపక్కల ఉడుతలు చచ్చాయి అని చెబితే వారు వేరే గుమ్మం నుంచి తీసుకెళ్లి విడి గదిలో చూస్తారు. గడ్డను ఇంట్లో పిండకూడదు. పిల్లిని మూతి దగ్గర పెట్టుకుని బుజ్జగించకూడదు, మందు బలవంతంగా నోట్లో తోయకూడదు, కాటు పడితే జబ్బు మనిషికి చేరే దారి అదే. దగ్గుతున్న పిల్లి ఉన్న గదిలోకి మాస్కు లేకుండా వెళ్లకూడదు. చికిత్సకు జెంటామైసిన్, డాక్సీసైక్లిన్ వంటి మామూలు యాంటీబయాటిక్‌లు చాలు, సాధారణంగా 10 నుంచి 21 రోజులు. మందు మొదలై 72 గంటలు గడిచి, పిల్లి తేరుకునే వరకు దాన్ని విడిగానే ఉంచుతారు. తొలి రోజుల్లో నోటి మందుకన్నా సూది మందునే ఎంచుకోవడం సిబ్బంది చేతులను కాపాడటానికి.

పిల్లితో మెలిగినవారు కూడా ఆ వారం తమను తాము కనిపెట్టుకోవాలి. గ్రంథుల ప్లేగు రెండు నుంచి ఎనిమిది రోజుల్లో బయటపడుతుంది, తుంపరలు పీలిస్తే ఒకటి నుంచి మూడు రోజుల్లోనే. హఠాత్తుగా జ్వరం, చలి, చంకలోనో గజ్జలోనో బిళ్ల, దగ్గు, వీటిలో ఏది వచ్చినా డాక్టరు దగ్గర మొదటి మాట పిల్లి గురించే కావాలి. ఊపిరితిత్తుల ప్లేగులో లక్షణాలు మొదలైన 24 గంటల్లోపు యాంటీబయాటిక్ అందకపోతే ప్రాణం దక్కడం కష్టం. అత్యవసర విభాగంలో పనిచేసే డాక్టరుకు న్యుమోనియా అంటే ముందు తోచేవి వేరే కారణాలు. ఇంట్లో జబ్బు పిల్లి ఉందన్న సంగతి రోగి చెబితే తప్ప తెలిసే మార్గం లేదు.